మూడో వన్స్‌మోర్

రెండువేల డెబ్బై ఒకటి, ఏప్రిల్ పదకొండు. పొద్దున్న ఎనిమిదింటికే గాజువాక తీగబండి స్టేషను బయట క్యూ మెలికలు తిరిగి వీధి చివరిదాకా పోయింది. సముద్రం పాత బీచ్ రోడ్డుని మింగేసి ఊరిని కొండలమీదకి తరిమాక, విశాఖలో ఎక్కడికి వెళ్ళాలన్నా తీగమీద వేలాడుతూ పోయే ఆ బండే గతి. అయితే ఈ క్యూ బండి కోసం కాదు. స్టేషను పక్కన వేసిన షామియానాలో జ్ఞాపకాలు తీసుకుంటున్నారు. ఇచ్చినవాళ్ళకి ఒక అరటిపండు, ఒక జ్యూసు ప్యాకెట్టు.

"తోసుకోకండ్రా బాబూ! ఒకరెనక ఒకరు రండి! ఇచ్చేసినోళ్ళు ఇటేపు కూకోండి, కళ్ళు తిరుగుతాయి!" అని పైడిరాజు గొంతు చించుకుంటున్నాడు.

పైడిరాజుకి నలభై ఆరేళ్ళు. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పంపు ఆపరేటరు. అది పొట్టకూటికి. బతకడం మాత్రం అఖిలాంధ్ర తరళ అభిమాన సంఘం గాజువాక శాఖ అధ్యక్షుడిగా బతికాడు. తరళ పాట విడుదలైతే ప్లాంటుకి సెలవు. తరళకి దగ్గొస్తే ఈయనగారు మిరియాల కషాయం తాగేవాడు. ఆమె పుట్టినరోజున ఏటా రక్తదాన శిబిరం పెట్టించేవాడు. సరిగ్గా ఏడాది కిందట ఇదే తారీఖున తరళ పోయింది, ముప్ఫై ఒకటో ఏట, పాడుతూ పాడుతూ స్టేజీ మీదే. ఇప్పుడు రక్తదానం పోయి స్మృతిదానం వచ్చింది.

ఈ స్మృతిదానం సంగతి కొంచెం చెప్పాలి. చచ్చిపోయిన గాయకులని కాంతిబొమ్మలుగా చేసి ఆడించడం అప్పటికి పాతికేళ్ళ పాత విద్య. పాత రికార్డింగులు పోస్తే బొమ్మ పాడుతుంది, నవ్వుతుంది, చెయ్యి ఊపుతుంది. జనం రెండు వారాలు వెర్రెత్తి చూసి, మూడో వారం ఆవులించారు. ఎన్నిసార్లు చూసినా అదే నవ్వు, అదే ఊపు. అప్పుడు డాక్టర్ వేమూరి శాంభవి అనే నాడీశాస్త్రజ్ఞురాలు ఒక మాట అంది: "మీరు తవ్వాల్సిన చోటు తవ్వడం లేదు. తార అనేది పాడే మనిషిలో ఉండదు, వినే జనంలో ఉంటుంది."

ఆ మాటలోంచి పుట్టింది స్మృతిగ్రాహి. చూడ్డానికి సెలూన్లో జుట్టు ఆరబెట్టే టోపీలా ఉంటుంది. జ్ఞాపకం అంటే మెదడులో ఏ అరలోనో దాచిన వస్తువు కాదు, నాడీకణాలు ఒకదాన్నొకటి తాకే చోట్ల, అంటే సినాప్సుల మధ్య, పడిన ఒక దారి. ఆ టోపీ సన్నటి కాంతితో ఆ దారి వెంట నడిచి దాన్ని చదువుతుంది. చిక్కల్లా ఏమిటంటే, చదివే కాంతి తగిలిన ప్రతి ముడీ విడిపోతుంది. చదవడమే చెరపడం. ఇచ్చింది ఇచ్చినట్టే, మళ్ళీ రాదు. అలా లక్షల మంది ఇచ్చిన దారులని ఒకచోట అల్లితే పునర్మూర్తి లేస్తుంది. అది బొమ్మ కాదు, ఆ జనం ఎరిగిన మనిషి.

"అన్నా, ఇచ్చేస్తే సైకిలు తొక్కడం కూడా మర్చిపోతానేటి?" అని క్యూలో ఒకావిడ భయపడింది.

"లేదమ్మా, అలవాట్లు ఏరే సోట ఉంటాయంట. సైకిలు, ఈత, తిట్లు, అవేవీ పోవు. డాక్టరమ్మ సెప్పింది. పోయేది ఆ రోజు, ఆ పూట, అంతే. కూకో తల్లీ!"

అంతమందికి ధైర్యం చెప్పిన పైడిరాజు తనవి నూటనలభై ఇచ్చాడు. టికెట్ల కోసం చేసిన జాగారాలు, కటౌటు కట్టి కాలు విరగ్గొట్టుకున్న రోజు, పోటీ సంఘంవాళ్ళతో తన్నులాట, అన్నీ. రెండు మాత్రం దాచుకున్నాడు.

ఒకటి అందరికీ తెలుసు, ఊరంతా చెవులు చిల్లులు పడేలా చెప్పాడు గనక. అనకాపల్లి ప్రోగ్రాం రోజున జోరువాన. తరళ కారు దిగుతూ, ముద్దయిపోయి నిలబడ్డ ఇతన్ని చూసి, తన గొడుగు చేతిలో పెట్టి, "పైడిరాజూ, నీకు జ్వరం వస్తే నాకు చప్పట్లు ఎవరు కొడతారు?" అంది. పేరు పెట్టి పిలిచింది! ఎవరు చెప్పారో ఏమో, ఆమెకి తన పేరు తెలుసు. అది తల్చుకుంటే ఇప్పటికీ అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

రెండోది ఎవరికీ చెప్పలేదు. అతనికి తెలిసినంతలో, పక్కనే కూర్చుని చూసిన పెళ్ళాం గౌరికి తప్ప అది ఇంకెవరికీ తెలియదు.

*

మే నెలలో కొండమీది ప్రయోగశాల నుంచి కబురొచ్చింది. పైడిరాజు వెళ్ళేసరికి శాంభవి కళ్ళకింద నల్లచారలతో ఎదురొచ్చి, ఒక గాజుగదిలోకి తీసుకెళ్ళింది.

లోపల తరళ కూర్చుని ఉంది. అదే నుదురు, అదే చెవిపక్క పుట్టుమచ్చ. పైడిరాజు గోడ పట్టుకున్నాడు. కానీ ఆ కళ్ళు మూసి ఉన్నాయి. రొమ్ము ఎగిసిపడడం లేదు.

"నెల్రోజుల నుంచీ ఇంతే. రూపం వచ్చింది, గొంతు వచ్చింది, కళ్ళు తెరవదు," అంది శాంభవి. "రెండు లక్షల మంది ఇచ్చారు పైడిరాజుగారూ. తీరా చూస్తే ఏమిచ్చారో తెలుసా? పోస్టరు చూసినరోజు, బస్సులో పాట విన్నరోజు. అందరూ పనికిరాని పాతబట్టలు ఇచ్చినట్టు ఇచ్చారు. అసలైంది ఎవరి దగ్గర వాళ్ళు దాచుకున్నారు. ఒక్కటి గట్టిది పడితే చాలు, మిగిలినవన్నీ దాన్ని పట్టుకుని లేస్తాయి. మీ గొడుగు కథ నాకూ తెలుసు."

అడిగింది ఏమిటో పైడిరాజుకి అర్థమైంది. గొడుగు ఇస్తే, ఇంక తన దగ్గర తరళ అనేది ఉండదు. ఇవ్వకపోతే తరళే ఉండదు.

ఇంటికెళ్ళి గౌరికి చెప్పాడు. గౌరి చేపలు తోముతూ తల ఎత్తలేదు. "ఇచ్చేసి ఏం సేస్తావు మావా? ఆవిడొచ్చి నీ ముందు నిలబడితే నువ్వు గుర్తుపట్టలేవు. ఆకలేసినోడు నోరు కుట్టించుకుని బిరియానీ వండించుకున్నట్టుంది నీ యవ్వారం."

"నేను గుర్తుపట్టకపోయినా ఆవిడ పాడతాది గదే! మళ్ళీ ఇంటాను గదా, కొత్తగా ఇంటాను!"

"అయితే ఎల్లు. నాదైతే నేనివ్వను. నాకు అన్నీ గుర్తుండాల," అంది గౌరి, ఆ చివరి మాట కొంచెం గట్టిగా.

మర్నాడు టోపీ కింద కూర్చున్నాడు. ముందు తూకం, తర్వాత తీత. తూకంలో కాంతి ఆ దారిని పైపైన తడుముతుందే గాని ముడి విప్పదు. ఏ జ్ఞాపకం ఎంత గట్టిదో వందకి ఇన్ని అని యంత్రమే చెబుతుంది. దాన్ని తీవ్రాంకం అంటారు. పైడిరాజు కళ్ళు మూసుకుని అనకాపల్లి వానని మనసులోకి తెచ్చుకున్నాడు.

"తీవ్రాంకం పదకొండు," అంది స్మృతిగ్రాహి, రైల్వే స్టేషనులో వినిపించే ఆడగొంతుతో.

"ఏటీ?"

"పదకొండు. చెప్పి చెప్పి అరిగిపోయిన జ్ఞాపకం. అసలు సంఘటనలో ఆమె మీ పేరు పలకలేదు. 'బాబూ' అన్నది. పేరు మీరు నాలుగోసారి చెప్పేటప్పుడు చేర్చారు."

పైడిరాజు మొహం చెప్పుతో కొట్టినట్టయింది. "మీ మిషను పాడైపోయిందండీ! దీనికి బుర్రలేదు!" అని లేవబోయాడు.

"కూర్చోండి," అంది యంత్రం. "దీనికి ఆనుకుని ఇంకొకటి ఉంది. మీరు దాన్ని తలుచుకోవడం లేదు గాని అది వెలుగుతూనే ఉంది. నిరుడు ఏప్రిల్ పదకొండు. తీవ్రాంకం తొంభై ఆరు."

శాంభవి చప్పున తెర దగ్గరికి వంగింది. "తొంభై ఆరా! ఇంత నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ పోయిన రోజు... అంత దుఃఖం ఉంటుంది మరి."

"ప్రధాన భావం దుఃఖం కాదు," అంది యంత్రం. "ఆనందం."

పైడిరాజు టోపీలోంచి తల బయటికి లాక్కోబోయాడు.

"ఆనందవేటండీ? ఎవురికి ఆనందం? నేనారోజు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లి పడిపోయాను! టీవీలో కూడా సూపించారు!"

"ఏడుపు ఆరూ ఇరవై రెండుకి మొదలైంది. నేను చెప్పేది ఆరూ పద్నాలుగు సంగతి."

"అప్పుడేం జరిగింది?" అని అడిగింది శాంభవి.

యంత్రం చెప్పేలోపల పైడిరాజే చెప్పేశాడు. ఇంక దాచి ఏం లాభం? ఆ సాయంత్రం స్టేడియంలో ముందు వరసలో గాజువాక శాఖ కూర్చుంది. గాజువాక శాఖకి ఒక పట్టింపు ఉంది, రాష్ట్రమంతా ఎరిగిన పట్టింపు: మూడు వన్స్‌మోర్లు పడందే గాజువాక లేవదు. అది వాళ్ళ చొక్కాల మీద కూడా అచ్చేసుకున్నారు. తరళ ఆఖరి పాట పాడి, రెండు చేతులూ జోడించి, "గొంతు పోయిందమ్మా, ఒంట్లో బాగాలేదు, ఈ పూటకి వదిలెయ్యండి," అంది. మొహం పాలిపోయి ఉంది. ముందు వరసకి బాగా కనిపిస్తూనే ఉంది. స్టేడియం అంతా అయ్యో అని మెత్తబడింది. ఆ మెత్తబడ్డ నిశ్శబ్దంలో ఒక్క గొంతు లేచింది: వన్స్ మోర్!

"ముందు అరిసింది నేనే," అన్నాడు పైడిరాజు. "తర్వాత అందరూ అరిసారు. ముందు మాత్రం నేనే. ఆవిడ ఎల్లిపోతూ ఆగింది. ఎనక్కి తిరిగింది. నాకేసి సూసింది. వచ్చి పాడింది. రెండోసారి కూడా అరిసాను, వచ్చింది. మూడోసారి..." అతను అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఎనక్కి తిరిగి వచ్చినప్పుడు, డాక్టరమ్మా, నా మాటకి వచ్చింది అనిపించింది. అంత పెద్ద తరళ, నా మాటకి వచ్చింది! పెళ్ళినాడు లేదు, కొడుకు పుట్టినప్పుడు లేదు ఆ సంతోషం. పాడతా పాడతా పడిపోయింది."

శాంభవి జాలిపడుతుందని అనుకున్నాడు, కనీసం అసహ్యించుకుంటుందని. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "అందరి దగ్గరా ఇదే ఉంటుంది," అంది తనలో తాను. "స్టేడియంలోనో టీవీలోనో చూసిన రెండు లక్షల మందీ ఇదే దాచుకున్నారు. నేనెంత మొద్దుని! పైడిరాజుగారూ, ఇది ఇచ్చేయండి. దీని వెంట తరళ తాలూకు మిగిలిన పోగులన్నీ, గొడుగుతో సహా, వచ్చేస్తాయి. తర్వాత ఆమె మీకు ఒక పేరు, అంతే. ఆలోచించుకోండి."

పైడిరాజు ఆలోచించుకోలేదు. ఏడాదిగా నిద్రలో ఆ మొహం చూసి ఉలిక్కిపడి లేస్తున్న మనిషి అతను. తరళని బతికించడానికి త్యాగం చేస్తున్నానని బయటికి అన్నాడు. లోపల మాత్రం, హమ్మయ్య, ఈ పీడ వదుల్తుంది అనుకున్నాడు. అదీ నిజమే, ఇదీ నిజమే. కానీ ఎక్కువ నిజం రెండోదే.

"తీసేయండి," అన్నాడు.

ఆ సాయంత్రం గాజుగదిలో తరళ కళ్ళు తెరిచింది. మర్నాడు శాంభవి ప్రకటన ఇచ్చింది: అభిమానులారా, ఆఖరి రోజుని దానం చెయ్యండి. ఈసారి అరటిపండ్ల అవసరం లేకపోయింది. క్యూలో జనం ఒకరినొకరు తోసుకున్నారు. అందరూ త్యాగమే చేస్తున్నామన్నారు.

*

జూలై నెలాఖరున, తరళ పోయిన స్టేడియంలోనే తరళ పునఃప్రవేశం. అరవై వేల టికెట్లు గంటలో అయిపోయాయి.

పైడిరాజు పొద్దున్నే లేచి అచ్చు చొక్కా వేసుకున్నాడు. దాని మీద ఉన్న అమ్మాయి ఎవరో పేరు తెలుసు, అక్కడ రాసుంది గనక. ఇంట్లో గోడమీద దండేసిన పటం కూడా ఆవిడదే. ఎందుకు పెట్టుకున్నామో మాత్రం తెలియదు. ఒకసారి గౌరిని అడిగితే ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. సంఘం అధ్యక్షుడు గనక వెళ్ళాలి, వెళ్తున్నాడు. గౌరి కూడా వస్తానంది. ఎప్పుడూ బతిమాలితే తప్ప రానిది, ఈసారి తనే చెప్పులేసుకుని ముందు నిలబడింది.

జనం సర్దుకునేలోపల పాడడానికి రెమ్మ అనే కొత్తపిల్లని పెట్టారు. పందొమ్మిదేళ్ళు, పార్వతీపురం పిల్ల. చిన్నప్పుడు తరళ పాటలు అద్దం ముందు పాడుకుని పైకొచ్చింది. ఆ పిల్ల స్మృతిదానం చెయ్యలేదు. తరళ ఆఖరి రోజున పక్కతెర వెనక నిలబడి, ముందు అరిచిన మనిషితో సహా అంతా చూసింది కూడా. ఇవాళ ఒళ్ళు కాలిపోతున్నా మాత్ర వేసుకుని వచ్చింది, తరళ స్టేజీ గనక. ఒక పాట పాడేసరికి జనం "దిగిపో, దిగిపో" అని ఈలలేశారు. పిల్ల తల వంచుకుని పక్కకి వెళ్ళింది.

సరిగ్గా ఆరింటికి దీపాలు ఆరి, వెలిగి, తరళ వచ్చింది. నిజంగానే వచ్చింది. నడకలో బరువుంది, నీడ నేలమీద పడింది. జనాన్ని కలయజూసింది. ఆ చూపులో గుర్తుపట్టడం ఉంది. ఇటుపక్క అరవై వేల మందిలో గౌరి తప్ప గుర్తుపట్టినవాళ్ళు లేరు.

తరళ పాడలేదు. రెండు చేతులూ జోడించింది. "గొంతు పోయిందమ్మా, ఒంట్లో బాగాలేదు, ఈ పూటకి వదిలెయ్యండి," అంది. వెళ్ళబోయి ఆగింది. ఎవరూ పిలవకుండానే వెనక్కి తిరిగింది. పైడిరాజుకేసి సూటిగా చూసింది. మైకు దగ్గరికి వచ్చి, నోరు తెరిచి, కుప్పకూలిపోయింది. నిమిషం తర్వాత లేచి, మళ్ళీ చేతులు జోడించింది. మళ్ళీ కూలింది. అలా నాలుగుసార్లు. రెండు లక్షల మంది గుండెల్లో దాచుకున్న తరళ అంతే. పాటలన్నీ పదకొండులూ పన్నెండులూ. ఆ ఎనిమిది నిమిషాలే తొంభైలు. ప్రయోగశాలలో ఎదుట జనం లేరు గనక ఇది బయటపడలేదు.

"ఇదేటి మావా ఈ బొమ్మ, ఊరికే పడిపోతంది?" అని వెనక వరసలోంచి ఎవడో అన్నాడు. నవ్వులు లేచాయి. "డబ్బులు వాపసియ్యండి!" "ఈవిడికేనా అంత డప్పు కొట్టింది?"

గౌరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ఏటైందే?" అన్నాడు పైడిరాజు. ఆ బొమ్మ తనకేసే ఎందుకు చూస్తోందో అర్థంకాక అతనికి చిరాగ్గా ఉంది.

తెర వెనక శాంభవి పరుగెత్తి పునర్మూర్తిని ఆపేసింది. జనం కుర్చీలు విరగ్గొట్టేలోగా నిర్వాహకులు రెమ్మని మళ్ళీ స్టేజీ మీదకి తోశారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. ఇప్పుడే తన దేవతని నాలుగుసార్లు చంపడం చూసింది. ఆ ఏడుపుతోనే గొంతెత్తింది.

అబ్బ, ఏం పాట! కాలుతున్న ఒంటితో, పగిలిన గొంతుతో, ఆ పిల్ల ఆ సాయంత్రం పాడినట్టు ఆ ఊళ్ళో ఎవరూ పాడలేదు. ఈలలు ఆగిపోయాయి. చేతుల్లో ఉన్న కుర్చీలు కిందకి దిగాయి. నాలుగో పాటకి స్టేడియం మొత్తం లేచి నిలబడింది. పైడిరాజుకి ఒళ్ళు జలదరించింది. ఇదేమిటి, ఇలాంటిది ఒకటి ఉందని ఇన్నాళ్ళూ తనకి ఎవరూ చెప్పలేదే! ఈ పిల్ల కోసం ప్రాణమిచ్చేయచ్చు అనుకున్నాడు. రేపే సంఘం పెట్టాలి, కొత్త చొక్కాలు అచ్చేయించాలి.

పాట అయింది. రెమ్మ మైకు స్టాండు పట్టుకుని నిలబడింది. "జ్వరంగా ఉందండీ," అంది. "ఈ పూటకి వదిలెయ్యండి." అంటూనే ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి ఆ పిల్ల మొహం తెల్లబడిపోయింది.

స్టేడియం అయ్యో అని మెత్తబడింది.

పైడిరాజు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికి తెలియదు. కాళ్ళకి తెలుసు, గొంతుకి తెలుసు. గౌరి అతని చొక్కా పట్టుకుని లాగింది.

"ఒద్దు మావా! నీ కాళ్ళట్టుకుంటాను, ఒద్దు! నువ్విలా అరిసే ఆ పిల్ల సచ్చిపోయింది!"

పైడిరాజు ఆమెకేసి వింతగా చూశాడు.

"ఏ పిల్ల?" అన్నాడు.

చొక్కా విడిపించుకుని, "వన్స్ మోర్!" అని అరిచాడు. అరవై వేల గొంతులు అందుకున్నాయి. రెమ్మ వచ్చి పాడింది. రెండోది పడింది, పాడింది. పక్కతెర దగ్గర నిలబడ్డ శాంభవి ఒకసారి స్టేజీకేసి, ఒకసారి చేతిలో ఉన్న, దూరం నుంచే జనం జ్ఞాపకాలని తూచే సంచార స్మృతిగ్రాహికేసి చూసింది. అంకెలు ఎగబాకుతున్నాయి, ఎనభై ఎనిమిది, తొంభై మూడు. ఆమె ఎవరినీ పిలవలేదు.

మూడోసారి అరిచేటప్పటికి రెమ్మ మెట్లదాకా వెళ్ళిపోయింది. ఒక చెయ్యి కమ్మీ మీద వేసి ఆగింది. తల తిప్పి, ముందు వరసలో అందరికంటే ఎత్తుగా చేతులెత్తి నిలబడ్డ మనిషికేసి చూసింది. ఎవరో పోల్చుకుంది. వద్దన్నట్టు తల ఊపింది. తర్వాత ఏమనుకుందో, మైకు దగ్గరికి అడుగు తీసి అడుగు వేస్తూ వెనక్కి వచ్చింది.

పైడిరాజు కళ్ళు ధారలు కట్టాయి. పుట్టి బుద్ధెరిగాక ఇంత సంతోషం ఎన్నడూ ఎరగడు.

"సూసావేటే గౌరీ," అన్నాడు, "నా మాటకి వచ్చింది."